రూబీ మార్లో ఎవరి పిల్ల?

మెంఫిస్, టెనెసీ
మార్చి 9, 1957

అత్తయ్యా,

ఈ ఉత్తరం చదివే ముందు పొయ్యి మీద ఏమైనా ఉంటే దించెయ్యి. నాన్న నీ వంటింట్లో కూర్చుని కాఫీ తాగుతూ ఉంటే మాత్రం దీన్ని ఏప్రన్ జేబులో దోపేసి, "ఒలీటా కులాసాగా ఉందిట, చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతోందిట" అని చెప్పు. అందులో అబద్ధమేమీ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలర్లే కుడుతున్నాను. సాయంత్రం నుంచి పాడుతున్నాను.

చర్చి పాటలు కాదు. నీకెలా చెప్పాలో తెలియక చాలా రోజులు పెన్ను కొరుక్కుంటూ కూర్చున్నాను. మన కొండవాళ్ళ ఫిడేలు పాటకీ, నల్లవాళ్ళ బ్లూస్ పాటకీ పెళ్ళి చేస్తే పుట్టిన అల్లరి పిల్ల ఇది. రాకబిల్లీ అంటున్నారు. మగపిల్లలు జుట్టుకి నూనె పట్టించి ఆ పాటలు పాడుతుంటే అమ్మాయిలు కేకలు పెడతారు. అవే పాటలు అమ్మాయి పాడితే ఎవరు కేకలు పెట్టాలో ఇంకా ఎవరికీ తెలియదు. అందుకని మొదట్లో అందరూ నోళ్ళు తెరుచుకుని ఊరికే చూస్తారు. రెండో పాటకి గానీ తేరుకోరు.

ఇక్కడ టైర్ల షాపు వెనకాల చిన్న గదిలో గాస్కిన్ అనే ఆయన రికార్డులు చేస్తాడు. నాతో ఇద్దరు వాయిస్తారు. గిటారు ఎమ్మిట్ నోరు విప్పి మాట్లాడితే ఆ రోజు వాన పడుతుందంటారు. మనిషంత ఎత్తుండే బాస్ ఫిడేలు క్లీటస్‌ది. అతను దాన్ని వాయించడు, అరచేత్తో దాని చెంపలు వాయిస్తాడు. డోలు లేని లోటు దానితోనే తీరిపోతుంది. మొదటి రోజు నేను పాడుతుంటే గాస్కిన్ అద్దం వెనక నుంచి ఒకటే అరుపు: "కదలకుండా నిలబడి పాడమ్మా, ఆడపిల్లవి!" నేను నిలబడితే నా గొంతు కూడా నిలబడిపోతుంది, నీకు తెలుసుగా. నాకు ఒళ్ళు మండి, భోజనానికి వదిలినప్పుడు తినడం మానేసి పాట కట్టేశాను. "నిలబడమంటే నిలబడను" అని దాని పేరు. తిరిగి వచ్చి అదే పాడాను. గాస్కిన్ అరవడం మర్చిపోయాడు. అదే రికార్డయింది!

"పాట మధ్యలో గొంతు విరిచి ఎక్కిళ్ళు వచ్చినట్టు పైకి లేపుతావే, అది ఎక్కడ నేర్చుకున్నావ్?" అని అడిగాడు. "మా అత్తయ్య పందుల్ని మేతకి అలాగే పిలుస్తుందండీ" అన్నాను. ఎగతాళి అనుకున్నాడు.

ఇక అసలు సంగతి. రికార్డు మీద నా పేరు రూబీ మార్లో అని వేయించాను. ఆగస్టులో సంఘం ఓటుంది కదా. ఏటేటా పాస్టరు ఉండాలో పోవాలో చేతులెత్తి తేల్చే ఊరు మనది. పాస్టరు టాకెట్ కూతురు నడుం తిప్పుతూ పాడుతోందని తెలిస్తే వర్జిల్ హాబ్స్ చెయ్యి ఎటు లేస్తుందో నేను చెప్పాలా? నాన్నకి ఆ చర్చీ, దాని పక్కనున్న ఆ ఇల్లూ తప్ప ఇంకేమీ లేవు. నావల్ల అవి పోకూడదు. అందుకే రూబీ.

నీ ఇంట్లో గ్రామఫోను లేదుగా. ఆదివారం మధ్యాహ్నం ఫోను చేసి పాడి వినిపిస్తాను. బాగుందో లేదో నిజం చెప్పు.

నీ చేతిలో పెరిగిన,
ఒలీటా


పర్సిమన్ గ్రోవ్, ఆర్కన్సా
మార్చి 20

ఒలీటాకి,
నిన్ను తిట్టి, ముద్దు పెట్టుకుని, మళ్ళీ తిట్టి రాస్తున్నది మీ అత్తయ్య.

ఒసే పిచ్చిమొహమా, ఆదివారం మధ్యాహ్నం ఫోను చేస్తారా ఎవరైనా? పట్నం వెళ్ళి మన లైను సంగతే మర్చిపోయావా? ఎనిమిది ఇళ్ళకి ఒకటే తీగ. ఆదివారం భోజనాలయ్యాక ఎనిమిది ఇళ్ళలోనూ మనుషులు ఖాళీగా కూర్చుని ఫోను వంక చూస్తూ ఉంటారు. నా ఇంటి గంట మోగితే అందరి ఇళ్ళలోనూ మోగుతుంది. ఎత్తిన ప్రతివాళ్ళూ నీ గొంతులోంచి తలా కాస్తా తాగేస్తారు.

మొదటి చరణం నువ్వు పక్కగదిలో ఉన్నట్టే వినిపించింది. ఆ తర్వాత టిక్కు, టిక్కు, టిక్కు. నీ గొంతు సన్నబడి సన్నబడి, రెండో చరణానికి దోమ పాడినట్టుంది. "గట్టిగా పాడవే!" అని నేను అరిస్తే, నువ్వు కాదుగానీ ఎవరో ముసలాయన దగ్గాడు.

 ఇక అయిపోయింది, రేపటికి ఊరంతా పాకుతుంది అనుకున్నాను. సోమవారం గడిచింది. మంగళవారం గడిచింది. ఒక్క ప్రాణి కిక్కురుమనలేదు! బుధవారం ప్రార్థనలో గానీ నాకు వెలగలేదు. మీ నాన్న జనవరిలో ఫోనులో పక్కవాళ్ళ మాటలు వినడం మీద గంటన్నర ప్రసంగం చేశాడు గుర్తుందా? "పొంచి వినే చెవి దొంగ చెయ్యితో సమానం" అన్నాడు. ఆ రోజు అందరూ ఆమెన్ అన్నారు, వర్జిల్ హాబ్స్ రెండుసార్లన్నాడు. ఇప్పుడు నీ సంగతి ఎవరు ఎత్తినా, "నీకెలా తెలుసు?" అని పక్కవాడు అడుగుతాడు. కాబట్టి అందరికీ తెలుసు, ఎవరికీ తెలియదు. మా తమ్ముడు తన ప్రసంగంతో తన కూతురి గుట్టు తనే కాపాడాడు, పాపం, వాడికి తెలియకుండానే. ఆ వేళకి వాడు కుర్చీలో గురకపెడతాడు. ఇల్లు కాలిపోతున్నా ఫోనెత్తడు.

పాట సంగతి అడిగావు. వినిపించినంతలో చెబుతున్నాను. ఇది పాపమో కాదో నాకు తెలియదు. కుర్చీలో కూర్చుని వింటున్నదాన్ని, చూస్తే లేచి నిలబడి ఉన్నాను. నా కాళ్ళకి ఎవరు చెప్పారో!

పందుల్ని పిలిచేది నేనని కంపెనీవాళ్ళకి ఎందుకు చెప్పావే? ఇకనుంచి ఏదైనా ఉంటే ఉత్తరం రాయి. పాడాలనిపిస్తే మాత్రం ఫోను చెయ్యి. ఆ క్లీటస్ మనలాగా బాప్టిస్టేనా?

అత్తయ్య జెల్మా


సైక్స్టన్, మిస్సోరీ
మే 14

అత్తయ్యా,

ఫ్యాక్టరీ మానేశాను. కోప్పడకు. నాలుగు రాష్ట్రాలు తిరుగుతున్నాం. ఒకటే కారు, మరో పాటగాడు, అతని తమ్ముడు, ఎమ్మిట్, క్లీటస్, మధ్యలో నేను. బాస్ ఫిడేలు కారు పైన కట్టేస్తాం. మొన్న వాన పడితే క్లీటస్ తన వానకోటు తీసి దానికి తొడిగి, తను తడుస్తూ కిటికీలోంచి చెయ్యి పెట్టి దాన్ని పట్టుకుని వచ్చాడు. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను, మన బాప్టిస్టు కాదు, మెథడిస్టు. కానీ చాలా మంచివాడు.

బట్టలు పెట్రోలు బంకుల్లో మార్చుకుంటాను. నా స్కర్టుకి నేనే జాలరంచు కుట్టుకున్నాను, కదిలితే అది నాకంటే ముందు ఎగురుతుంది. మన దగ్గర కార్లలో కూర్చుని సినిమా చూసే మైదానాలున్నాయి చూశావా, అక్కడ సినిమాకి ముందు మమ్మల్ని తినుబండారాల కొట్టు పైకప్పు మీదికి ఎక్కిస్తారు. నిచ్చెన మీంచి స్కర్టుతో ఎక్కడం ఒక విద్య. జనం కార్లలోంచి దిగరు. చప్పట్లు వినపడవని హారన్లు కొడతారు! మొదటిసారి పాట అవగానే వంద కార్లు ఒక్కసారి హారన్ కొడితే నేను దడుచుకుని క్లీటస్ వెనక దాక్కున్నాను. ఇప్పుడు అదే వినకపోతే నిద్ర పట్టదు. కింద రొట్టెముక్కలు వేయించే ఆవిడ నేను కాళ్ళు ఆడిస్తే కప్పు మీంచి దుమ్ము రాలుతోందని గరిటెతో కిందనుంచి పొడుస్తుంది. ఆవిడా తాళంలోనే పొడుస్తుంది.

చిరాకులు లేవని కాదు. రేడియోలో రికార్డులు వేసేవాళ్ళకి ఒక నియమం ఉంది, గంటకి ఒక్క ఆడమనిషి పాటే వెయ్యాలిట. మగవాళ్ళవి వరసగా పది వేసినా ఫరవాలేదు. "రూబీ, నీ పాట భలే ఉంది గానీ, ఈ గంటలో ఒకావిడని వేసేశానే" అంటారు. తర్వాతి గంట రాగానే ఏదో ఒక నెమ్మది పాటల ఆవిడ ఉంటుంది. ఒకాయన్ని అడిగాను, "ఇద్దరాడవాళ్ళు వరసగా పాడితే ఏమవుతుందండీ?" అని.  "ఏమో, ఎప్పుడూ వేసి చూడలేదు" అన్నాడు!

అత్తయ్యా, నాకు చాలా సంతోషంగా ఉంది. ఇంత సంతోషం నేనెప్పుడూ ఎరగను. నాన్నకి చెప్పలేకపోవడం ఒక్కటే మధ్యమధ్యలో ముల్లులా గుచ్చుకుంటోంది. నాకు పాట నేర్పింది ఆయనే కదా, ఆ చర్చి ముందు బల్ల మీద నన్ను నిలబెట్టి.

ఒలీటా


పర్సిమన్ గ్రోవ్
జూన్ 18

ఒలీటా తల్లీ,

నీ ఆదివారం పాటలు ఊళ్ళో ఎంత పని చేస్తున్నాయో నీకు తెలియదు. మొన్న బొంత కుట్టడానికి బర్డీ హ్యాచ్ ఇంట్లో చేరాం. కుడుతూ కుడుతూ బర్డీ ఏదో కూనిరాగం తీస్తోంది. ఏంటా అని చెవి పెడితే నీ పాటే! దాని పక్కనామె అందుకుంది. ఇంకొకావిడ పాదంతో తాళం. ఉన్నట్టుండి ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, "ఈ ఏడు టమాటాలు ఆలస్యంగా వచ్చాయి కదూ" అని ఒకేసారి అన్నారు. నేను నవ్వు ఆపుకోలేక సూది వేలికి గుచ్చుకున్నాను.

వెళ్ళేటప్పుడు బర్డీ నన్ను గుమ్మం దగ్గర పట్టుకుంది. "జెల్మా, ఈ ఆదివారం నువ్వు ఇంట్లోనే ఉంటావా?"

"ఉంటాను, ఏం?"

"ఏం లేదు. ఎవరైనా ఫోన్లు అవీ చేస్తారేమో, బయటికి వెళ్ళకు."

ఇప్పుడు నవ్వులాట కాని మాట. వర్జిల్ హాబ్స్ తన మేనల్లుణ్ణి మన చర్చికి పాస్టరుగా తీసుకురావాలని చూస్తున్నాడు. ఆ పిల్లవాడు బైబిలు కాలేజీ నుంచి వచ్చాడు, మెడ మీద మొటిమలు కూడా తగ్గలేదు. ఓటు ఆగస్టు 11 ఆదివారం. వర్జిల్ ఇంటింటికీ పుచ్చకాయలు పంచుతున్నాడు. వాడి ఫోనూ మన లైనులోదే, కాబట్టి నీ సంగతి వాడికీ తెలుసు. ఫోనులో విన్నానని ఒప్పుకోలేక కుక్కిన పేనులా పడి ఉన్నాడు. బయట ఎక్కడైనా నిన్ను చూశాననే సాకు ఒక్కటి దొరికితే చాలు, సంఘం మధ్యలో లేచి నిలబడతాడు. జాగ్రత్త.

మీ నాన్న నిన్ను అడుగుతూనే ఉంటాడు. "కాలర్లు కుట్టే పిల్లకి గొంతు బొంగురుపోవడమేంటి జెల్మా?" అన్నాడు మొన్న, నీతో ఫోనులో మాట్లాడాక. "ఫ్యాక్టరీలో దూది ధూళిరా" అన్నాను. నా అబద్ధాలు నీ లెక్కలో రాసుకో, దేవుడి దగ్గర నేను మోయలేను.

అత్తయ్య


మెంఫిస్
జులై 15

అత్తయ్యా,

 గాస్కిన్ ఆర్కన్సాలో ప్రదర్శనలు పెట్టించాడు. ఆగస్టు 10 శనివారం ఎక్కడో తెలుసా? వాల్‌కాట్‌లో. మన ఊరికి పొలాల మీదుగా వెళ్తే ఎంతోదూరం లేని వాల్‌కాట్ మైదానంలో! ఓటుకి సరిగ్గా ముందురోజు. నా ఫోటోతో బొమ్మలు అచ్చేయించి ప్రతి స్తంభానికీ అంటిస్తాడట. పేరు రూబీదైనా మొహం నాదే కదా.

"వాల్‌కాట్ ఒక్కటి వదిలేద్దామండీ" అన్నాను.

"ఎందుకమ్మా?"

"అక్కడ మా బంధువులున్నారు."

"మరింకేం, వాళ్ళూ టికెట్లు కొంటారు" అన్నాడు. బతిమాలాను. చివరికి ఒకటే మాటన్నాడు. నేను వాల్‌కాట్‌లో పాడితే రెండో రికార్డు ఉంటుంది, పాడకపోతే లేదు. సొంత జిల్లాలో మొహం చూపించలేని పాటగత్తె మీద పెట్టుబడి పెట్టడట. చెడ్డవాడు కాదు, అతని తీరు అంతే.

పాడితే నాన్న చర్చి పోతుంది. పాడకపోతే నా పాట పోతుంది. క్లీటస్ని అడిగితే, "నువ్వు ఏదంటే అది, నేను ఫిడేలు మోస్తాను" అన్నాడు. నువ్వు చెప్పు అత్తయ్యా. నువ్వు వద్దంటే మానేస్తాను. ఒట్టు.

ఒలీటా


పర్సిమన్ గ్రోవ్
జులై 19

ఒలీటా,

వద్దని నా చేత అనిపించాలని చూడకు. నేను అనను. అన్నానంటే ముసలిదానివై కూడా నన్ను తలుచుకుని పళ్ళు నూరుతావు.

పాడమని కూడా అనను. నాకు తోచింది ఒకటే. వర్జిల్ నోటి ద్వారా, సంఘమంతా చూస్తుండగా మీ నాన్నకి తెలియకూడదు. వాడు గట్టివాడే గానీ, ఆ దెబ్బకి తట్టుకోలేడు. నువ్వే చెప్పు, నీ నోటితో. ఆపైన వాడు ఏమంటే అది. ఫోనులో మాత్రం చెప్పకు, నీకు పుణ్యముంటుంది.

బొమ్మలు అప్పుడే పడ్డాయి. విత్తనాల కొట్టు ముందు నీ మొహం నా మొహమంత ఉంది. నిన్న వర్జిల్ దాని ముందు నిలబడి చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. మీ నాన్న ఆ దారినే వెళ్ళాడు, అయితే కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడట.

అత్తయ్య


మెంఫిస్
ఆగస్టు 4, ఆదివారం

అత్తయ్యా,

నువ్వు వద్దన్న పనే చేశాను. ఫోనులో చెప్పాను. ఆదివారం మధ్యాహ్నమే, కావాలనే. దాచి దాచి విసుగొచ్చింది. నాన్నకి తెలిసేటప్పుడు అందరికీ ఒకేసారి తెలియనీ అనుకున్నాను.

చాలాసేపు మోగింది. ఎత్తాడు. "ఆదివారం పూట ఫోనేంటమ్మా? ఒంట్లో బాగుందా?"

"బాగుంది నాన్నా. ఒక మాట చెప్పాలి."

అంతే, టిక్కు టిక్కు మొదలైంది. నాన్న గొంతు నూతిలోకి దిగిపోతోంది. "నేను పాడుతున్నాను నాన్నా" అన్నాను. "ఏంటి? వినపడట్లేదు" అన్నాడు. ఇంకా గట్టిగా అరిచాను. పక్కగదిలో ఉండే పిల్ల పరిగెత్తుకొచ్చింది. అప్పుడు నాన్న గొంతు సవరించుకున్నాడు, చర్చిలో సవరించుకునే తీరులో.

"లైను మీద ఉన్నవాళ్ళందరికీ చెబుతున్నాను. ఇది నేనూ నా కూతురూ మాట్లాడుకునే మాట. ఫోన్లు పెట్టేయండి. లేదంటే జనవరి ప్రసంగం వచ్చేవారం మళ్ళీ మొదటి నుంచీ చేస్తాను."

టిక్కు. టిక్కు. టిక్కు. ఒక్కో టిక్కుకీ నాన్న ఒక్కో అడుగు దగ్గరికొచ్చినట్టుంది అత్తయ్యా. చివరికి నా చెవి దగ్గరే కూర్చుని ఉన్నాడు. "ఇప్పుడు చెప్పు తల్లీ" అన్నాడు.

అన్నీ చెప్పేశాను. రికార్డు, రూబీ, స్కర్టు, వాల్‌కాట్, ఓటు, అన్నీ. "నువ్వు వద్దంటే మానేస్తాను" అని కూడా అన్నాను.  "అది ఏ వేళకి?" అన్నాడు.

"పొద్దుగుంకే వేళకి, సినిమాకి ముందు."

"సరే" అని పెట్టేశాడు.

సరే అంటే ఏంటి అత్తయ్యా? కోపమా? సరే అంటే పాడమనా, నీ ఖర్మ అనా? నాకు ఏడుపొస్తోంది. అయినా పాడతాను. మానెయ్యమని ఆయన అనలేదు కదా.

ఒలీటా


పాప్లర్ బ్లఫ్, మిస్సోరీ
ఆగస్టు 11

అత్తయ్యా,

ఈ రోజే ఓటు. ఈ పాటికి అయిపోయి ఉంటుంది. ఏమైందో వెంటనే రాయి, దాచకుండా రాయి.

నిన్న వాల్‌కాట్‌లో పాడాను. పాట అవగానే కారెక్కించేశారు, పొద్దున్నే ఇక్కడ రేడియోలో ఉండాలని. ఒక్కరితో మాట్లాడే వీల్లేకపోయింది. నేను నిచ్చెనెక్కేసరికి చీకటి పడుతోంది. పైకప్పు మీద దీపాల తీగ ఉంది చూశావా, మొదటి పాట మధ్యలో టప్‌మని పేలి పోయింది. నా చెయ్యి నాకు కనపడలేదు. క్లీటస్ ఆపకుండా చెంపలు వాయిస్తూనే ఉన్నాడు, నేను ఆపాలా వద్దా అని తటపటాయిస్తున్నాను. అప్పుడు కింద ఎవరో కారు దీపాలు వెలిగించారు. అక్కడ కార్లు నిలపడానికి మట్టి దిబ్బలుంటాయి కదా, వాటి మీద కార్లు ముక్కు పైకెత్తి ఉంటాయి. ఆ వెలుగు సరిగ్గా నా మీద పడింది. ఇంకేం, విజృంభించాను! ప్రతి పాటకీ హారన్లు మోగిపోయాయి. ఆ దీపాల కారు మాత్రం ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. దీపాలూ ఆర్పలేదు.

అది ఎవరు? నాన్న వచ్చాడా?

ఒలీటా


పర్సిమన్ గ్రోవ్
ఆగస్టు 12

నా బంగారు తల్లీ,

నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పెడుతున్నాయి. రాత సరిగ్గా లేకపోతే సర్దుకో.

శనివారం సాయంత్రం మీ నాన్న వచ్చి, "జెల్మా, టోపీ పెట్టుకో, వాల్‌కాట్ వెళ్తున్నాం" అన్నాడు.  తన పాత ప్లిమత్ కారుని తీసుకెళ్ళి ఆ కొట్టుకి ఎదురుగా దిబ్బ మీద నిలిపి, ఇంజను ఆపి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను చుట్టూ చూశాను. ఎడమపక్క కారులో ఒకావిడ తల మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది, ఆగస్టు ఉక్కలో! దుప్పటి కింద బర్డీ హ్యాచ్ బూట్లు. వెనక కారులో ఒకాయన టోపీ ముక్కుదాకా లాక్కున్నాడు. ఆ మీసం నాకు తెలియదూ? వర్జిల్. రేపు సంఘంలో చెప్పడానికి కళ్ళారా చూడాలని వచ్చాడు. మిగతావాళ్ళు ఎందుకొచ్చారో నీకు చెప్పక్కర్లేదు. ఫోనులో రెండో చరణం ఏనాడూ ఎవరికీ సరిగ్గా వినపడలేదు పాపం! బాప్టిస్టులు నాట్యశాలకి వెళ్ళరు గానీ, తమ కారులో తాము కూర్చోవడం తప్పని ఎక్కడా లేదు.

దీపాలు పోగానే మీ నాన్న "అరెరె, అమ్మాయి పడిపోతుంది" అని మీట లాగాడు. అంతే, మళ్ళీ ముట్టుకోలేదు. నువ్వు గంతులేస్తుంటే వాడి కాళ్ళు చూశాను. బూటు కదిలింది. "హారన్ కొట్టరా" అన్నాను. "మన చర్చిలో చప్పట్లు కొట్టం జెల్మా" అన్నాడు. కానీ కళ్ళు తుడుచుకున్నాడు, నేను చూడట్లేదనుకుని.

మీ కారు వెళ్ళిపోయింది. మీ నాన్న తాళం తిప్పాడు. ప్లిమత్ కిక్కురుమనలేదు. అన్ని పాటలకీ దీపం పట్టి పట్టి బ్యాటరీ చచ్చిపోయింది! వాడు కిందికి దిగి, చీకట్లోకి చూస్తూ, ప్రసంగం గొంతుతో, "ఎవరైనా ఒక చెయ్యి వెయ్యండయ్యా" అన్నాడు. ఒక్క తలుపు తెరుచుకుంటే ఒట్టు! పాస్టరు తోపుడుకి పిలుస్తుంటే రాకపోతే పాపం, వస్తే దొరికిపోతారు. చివరికి బర్డీ దుప్పటి విసిరేసి దిగింది. "నేను సినిమాకొచ్చాను పాస్టరుగారూ" అంది. ఇంకేం, తలుపు తర్వాత తలుపు. ఈస్టరు ఆరాధనకి కూడా అంతమంది రారు. ఒకరినొకరు చూసుకుని, "నువ్వూ సినిమాకేనా?" "సినిమాకే" అనుకుంటూ కారు వెనక చేరారు. ఆఖరికి వర్జిల్ కూడా దిగాడు. వెనక కారు అతనిదే, మా కారు కదిలితే గానీ అతను కదలలేడు మరి. మీ నాన్న స్టీరింగు పట్టుకున్నాడు, సంఘమంతా "ఓహోయ్" అని తోసింది. ఆ తోపులో బర్డీ ఆగలేక నీ పాట ఎత్తుకుంది. ఇద్దరు అందుకున్నారు. తాళానికి కారు తేలిగ్గా కదిలింది!

ఇక ఓటు. నిన్న ప్రసంగమయ్యాక మీ నాన్న సంఘం ముందు నిలబడ్డాడు. "నిన్న సాయంత్రం నేను ఎక్కడున్నానో మీ అందరికీ తెలుసు. మీకెలా తెలుసని నేను అడగను. పాడింది నా కూతురు. ఇప్పుడు ఓటెయ్యండి" అని చెప్పి, ఎప్పటిలా బయటికెళ్ళి తలుపు వేసుకున్నాడు. 

వర్జిల్ లేచాడు. "సోదరులారా, ఒక్క మాట" అన్నాడు.

బర్డీ వెనక్కి తిరిగింది. "చెప్పు వర్జిల్. ముందు నడుం ఎలా ఉందో చెప్పు. కారు తోసినప్పుడు పట్టేసిందన్నావుగా?"

చర్చి మొత్తం ఒక్కసారి దగ్గింది. వర్జిల్ నడుం మీంచి చెయ్యి తీసేసి, "ఉక్కగా ఉంది, కిటికీ తెరవండి అందామని" అని కూర్చున్నాడు. చేతులెత్తమంటే అన్నీ లేచాయి, ఒలీటా. అన్నీ! వర్జిల్ది ఆఖరున లేచింది గానీ లేచింది.

మీ నాన్నని లోపలికి పిలవడానికి నేనే వెళ్ళాను. మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఉంచుకున్నారురా" అన్నాను. తల ఊపాడు. "వాళ్ళు ఉంచుకోరని తెలిసినా నేను నిన్న వెళ్ళేవాణ్ణే జెల్మా" అన్నాడు. నువ్వు ఫోను చేసిన రోజు అందరూ పెట్టేసినా నేను మాత్రం పెట్టలేదు, అది కూడా వాడికి అప్పుడే చెప్పేశాను. "తెలుసు, నీ గడియారం చప్పుడు వినిపించింది" అన్నాడు.

కింద ఖాళీ వదలమని అడిగాడు. వదిలాను.

అత్తయ్య

ఒలీటా,

గంటకి ఒక్క ఆడపిల్ల పాటే వేస్తారని మీ అత్తయ్య చెప్పింది. ఆ రేడియోవాళ్ళ చిరునామాలు పంపు, నేను రాస్తాను. నాకు ఉత్తరాలు రాయడం వచ్చు.

నా చర్చి పోకూడదని నీ పేరు దాచుకున్నావు. ఐదు నెలలు నా కూతురు ఎవరో ఊరూ పేరూ తెలియని పిల్లలా పాడింది. అది నాకు ఓటు పోవడం కంటే ఎక్కువ బాధగా ఉందమ్మా. ఆ గాస్కిన్‌గారితో చెప్పు, రెండో రికార్డు మీద ఒలీటా టాకెట్ అని వెయ్యమను. అమ్ముడవకపోతే పోనీ. నేనొకటి కొంటాను, మీ అత్తయ్య ఒకటి కొంటుంది. ఇద్దరం కలిసి గ్రామఫోను కొంటాం.

నాన్న